కథలో హాస్యగాడు, పేటలో ఆరోగ్యము

గోడమీది ప్రకటన ఆజ్ఞాపించును గాని సందేహమునకు బదులీయజాలదు. బుర్రకథకు ఆ శక్తి కలదు. కథకుని ప్రక్కన నిలిచిన హాస్యగాడు సభవారి తరఫున ప్రశ్నించును.

షేక్ నాజర్ ఈ కళను ప్రజాసమస్యలకు వినియోగించెను. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో ఆరంభమైన మితానిన్ అను మహిళారోగ్య కార్యకర్తల పథకమునకు ఊరూర తిరిగిన కళాజాతాలు తోడ్పడినవి. తెలుగు రైల్వే కుటుంబములు స్థిరపడిన బిలాస్‌పూరులో, కుదుదండ్ వంటి పేటలలో, ఈ రెండు మార్గములును కలియదగినవి.

కూలరు నీటిని వారమునకొకసారి పారబోసి తొట్టిని తోమవలెనని కథకుడు చెప్పగా, “తేటనీట దోమలేమిటి?” అని హాస్యగాడు అడుగవలెను. డెంగీ దోమ తేటనీటి తొట్టి గోడలకే గ్రుడ్లు అంటించునను సంగతి అప్పుడే జనుల మనసున నాటును.

హాస్యగానిని తొలగించి ఉపన్యాసము చేర్చిన కథ మరల గోడప్రకటనయే యగును.