కంపైలరు కంట పడని వాక్యాలు

మా మేనమామ గుంటూరు దగ్గర ఒక జిన్నింగు మిల్లులో లెక్కలు చూస్తాడు. కిందటి సెలవుల్లో ఆయన కోసం కొత్తపట్నం ఇంట్లో కూర్చుని (సముద్రపు గాలికి కీబోర్డు కూడా జిడ్డెక్కుతుంది సుమండీ) సి భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. గింజతో ఉన్న పత్తిని క్వింటాళ్లలో కొంటారు. గింజ తీసిన దూదిని క్యాండీల్లో అమ్ముతారు. క్యాండీ అంటే 356 కిలోలు. ఒకే ఫైలులో రెండు లెక్కలూ పెట్టి, మధ్యలో ‘హ్యాష్ ఇఫ్’, ‘హ్యాష్ ఎల్స్’, ‘హ్యాష్ ఎండిఫ్’ అని అడ్డుగోడలు కట్టాను. కంపైలు చేసేటప్పుడు ‘క్యాండీ’ అనే పేరుకు 1 ఇస్తే దూది లెక్క, లేకుంటే పత్తి లెక్క.

ఆ పేరులో ఒక అక్షరం తప్పు కొట్టాను. అంతే! మామూలు వేరియబులు పేరు తప్పితే కంపైలరు అక్కడికక్కడే అరుస్తుంది. ‘హ్యాష్ ఇఫ్’లో మాత్రం తెలియని పేరు సున్నాతో సమానం. ఎర్రరు లేదు, హెచ్చరిక లేదు. దూదిని వందతో భాగించి క్యాండీ ధరతో గుణించేసింది. బిల్లు మూడున్నర రెట్లు దాటింది. “ఒరే అల్లుడూ, నీ మిషను కంటే మా గుమాస్తా నయంరా” అన్నాడు మామయ్య. కాగితం మిల్లు గడప దాటలేదు కాబట్టి బతికిపోయాను.

సి పుట్టినప్పుడు ఈ ప్రీప్రాసెసరు లేదు. 1972-73 ప్రాంతంలో బెల్ లేబరేటరీస్‌లో వచ్చి చేరింది. షరతుల సదుపాయాన్ని ఆ తర్వాత మైక్ లెస్క్, జాన్ రైజర్ పెంచారు. ఒకే ప్రోగ్రాం వేర్వేరు యంత్రాల మీద నడవాలంటే అది అక్కరకొచ్చే మాట నిజమే. కానీ మనవాళ్లు చేస్తున్నదేమిటి? సీనియర్ల పాత కోడును తీసేయడానికి మనసొప్పక ‘ఇఫ్‌డెఫ్’ వెనక దాస్తున్నారు. ప్రీప్రాసెసరు వదిలేసిన భాగాన్ని కంపైలరు పరిశీలించదు. అందులో సెమీకోలన్ పోయినా అడిగే నాథుడు లేడు. ఇంకో తిరకాసు: ‘డీబగ్’కు 0 అని విలువ ఇచ్చినా ‘ఇఫ్‌డెఫ్’ దృష్టిలో ఆ పేరు ఉన్నట్టే లెక్క!

హెన్రీ స్పెన్సర్, జెఫ్ కోలియర్ 1992లోనే దీనిమీద ఒక పత్రం రాసి మొత్తుకున్నారు: తేడాలను ఫైళ్లనిండా చల్లకండి, ఒక్కచోట వేరుచేసి పెట్టండి అని. లినక్స్ కెర్నెల్ రాసేవాళ్ల నియమావళి కూడా వీలైనంతవరకు వీటిని హెడరు ఫైళ్లకే పరిమితం చేయమంటుంది.

లెక్చరర్లకు నా విన్నపం ఒక్కటే. ప్రాక్టికల్స్‌లో ఒక్క తీరున కంపైలయితే మార్కులు వేసేయకండి. షరతు ఉన్న ప్రోగ్రాం అయితే రెండు విధాలా కంపైలు చేసి చూపించమనండి. జీసీసీలో ‘డబ్ల్యూ అన్‌డెఫ్’ హెచ్చరిక పెట్టించండి. ఆ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే మామయ్య ముందు తల వంచేవాణ్ణి కాదు.

ఇప్పుడా ప్రోగ్రాం మామూలు ‘ఇఫ్’తోనే నడుస్తోంది. “క్వింటాలా, క్యాండీయా?” అని అడిగి మరీ లెక్క వేస్తుంది. మామయ్య మాత్రం ఇప్పటికీ పక్కన కాగితం మీద ఓసారి వేసి చూసుకుంటాడు.