పట్టుకుపోయిన బుష్



ఈ నెల మన పేజీలో బండి మాట వ్రాస్తున్నాము. కొండమీద సంఘములు గలవారికి కారణము చెప్పనక్కరలేదు. 108 వాహనము తారురోడ్డు వరకు వస్తుంది. అక్కడి నుండి పై గూడెములకు రాళ్లదారే. బండి లేని రోజున నెలలు నిండిన స్త్రీని డోలీలో మోసుకొని దిగవలసిందే. బొర్రాలో మా సంఘమునకు ఒక పాత జీపు ఉన్నది. ఆదివారము ముసలివారిని ఆరాధనకు తెస్తుంది, మిగిలిన రోజులలో కాఫీ గింజల బస్తాలు మొదలుకొని జ్వరపు బిడ్డల వరకు అన్నీ మోస్తుంది.

వానలు వెలిసిన తరువాత ఆ జీపు వెనుక ఎడమ చక్రము దగ్గర శబ్దము మొదలైనది. గోతిలో పడినప్పుడల్లా ఒక దెబ్బ. మలుపులో బండి వెనుక భాగము ప్రక్కకు జరిగినట్లుండేది. క్రింద పట్టణములో ఒక షెడ్డులో చూపిస్తే, కమాన్ కట్ట మొత్తము మార్చాలి, వారము రోజులు బండి వదిలి వెళ్లండి అన్నారు. ఇక్కడ చూస్తే పై గూడెములో ఒక సహోదరికి పురుడు దగ్గర పడింది. బండి వదలుటకు మాకు మనసొప్పలేదు. పైగా కట్టలో ఒక్క పట్టీ కూడా విరగలేదు. పోయినది దాని ముందు కంటిలోని బుష్ మాత్రమే.

బుష్ అంటే గొట్టములో గొట్టము, రెంటి మధ్య రబ్బరు. లోపలి గొట్టములో బోల్టు దూరుతుంది. బయటి గొట్టము కట్ట కంటిలో బిగువుగా కూర్చుంటుంది. చక్రము పైకి క్రిందికి ఆడినప్పుడు మెలిక తిరిగేది రబ్బరు ఒక్కటే. అది చిరిగితే ఇనుము ఇనుమును కొట్టుకుంటుంది.

మాది ఎందుకు చిరిగినదో కూడా ఒప్పుకోవాలి. రెండేండ్ల క్రితము ఆ బోల్టు బిగించినది మేమే. బండి జాకీ మీద ఉండి చక్రము గాలిలో వ్రేలాడుతుండగానే బలముగా బిగించేశాము. బండిని దించగానే రబ్బరు మెలిపడిపోయింది. ఆ మెలికతోనే రెండేండ్లు కొండలెక్కింది. ఇక మా బొర్రా తడి సంగతి మీకు తెలియనిది కాదు. గోస్తనీ నీరు సున్నపురాతిని కరిగించి అంత గుహ తొలుచుటకు ఎంతకాలము పట్టినదో గాని, బుష్‌కు త్రుప్పు పట్టించుటకు రెండు వానాకాలములు చాలినవి. ఇనుము త్రుప్పుగా మారితే ఉబ్బుతుంది. ఉబ్బుటకు చోటు లేని కంటిలో ఉబ్బినందున గొట్టము, కన్ను ఒకటైపోయినవి.

సంఘములోని యౌవనులు ఇద్దరు, కొలిమి పని ఎరిగిన ఒక పెద్దాయన మాతో కూడారు. గుడి ఆవరణ చదును గనుక బండిని అక్కడ నిలిపి, మిగిలిన మూడు చక్రములకు ముందూ వెనుకా రాళ్లు పెట్టాము. జాకీతో లేపిన తరువాత చట్రము క్రింద దుంగలు పేర్చమన్నాము. "ప్రార్థన చేసి దూరిపోదాం అయ్యగారూ" అన్నాడు ఒక అబ్బాయి. ప్రార్థనా చేద్దాము, దుంగా పెడదాము అన్నాము. జాకీని నమ్మి బండి క్రిందికి దూరి ప్రాణము పోగొట్టుకొన్నవారున్నారు. ఈ ఒక్క విషయములో ఎవరి మాటా వినకండి.

రెండు రాత్రులు ముందుగానే కిరోసిన్‌లో కొంచెము నూనె కలిపి బోల్టుకు పోస్తూ వచ్చాము. పానాకు పొడవైన గొట్టము తొడిగి త్రిప్పితే బోల్టు మూలిగి మూలిగి వచ్చింది. బుష్ మాత్రము రాలేదు. సుత్తితో కొడితే గొట్టము అంచు విచ్చుకొని ఇంకా బిగిసింది. పొడవైన బోల్టు, వాషర్లు వేసి లాగితే వాషరే వంగింది.

"గ్యాసు మంట పెడితే అయిదు నిమిషాల్లో ఊడొచ్చేస్తాది" అన్నాడు రెండవ అబ్బాయి.

పెద్దాయనకు కోపము వచ్చింది. "ఏటిరా, కమాన్ కట్టకి మంటెడతావా? ఎర్రగా కాలితే దాని పదును పోదేటి? రేపు ఘాటీలో ఇరిగిపోతే ఎవడు పట్టుకుంటాడు?"

ఆయన మాట నిజము. మరికొన్ని భాగములకు వేడి పెట్టవచ్చునేమో గాని కమాన్ కట్టకు వద్దు. డీజిలు ట్యాంకు, బ్రేకు గొట్టములు ప్రక్కనే ఉంటాయి. కాలే రబ్బరు పొగ కూడా మంచిది కాదు.

అందుచేత కోతకే దిగాము. పొరుగువారి డ్రిల్లు అరువు తెచ్చి రబ్బరుకు చుట్టూ తూట్లు పొడిచి లోపలి గొట్టమును బయటికి నెట్టాము. ఆ పనిలో బిట్టు విరిగింది. ఎలీషా దినములలో అరువు గొడ్డలి నీటిలో పడినవాని బాధ ఆ క్షణమున మాకు అర్థమైనది. మా బిట్టు తేలి రాలేదు. కొత్తది కొని ఇచ్చుకొన్నాము. ఆ పైన హాక్సా బ్లేడును విప్పి, కంటిలోనుండి దూర్చి, మరల ఫ్రేముకు బిగించి బయటి గొట్టమును లోపలి నుండి కోశాము. ఇది ఓపిక పని. గొట్టము మందము రెండు మిల్లీమీటర్ల లోపే, కాని దానిని దాటి కంటిని కోస్తే ఆ గాటు దగ్గరే తరువాత పగులు పుడుతుంది. పది తోపులకొకసారి ఆగి టార్చి వేసి చూడాలి. కాగితమంత మందము మిగిలినప్పుడు ఆపి, సన్నని ఉలితో అంచును లోపలికి మడవాలి. కళ్లకు అద్దములు తప్పనిసరి. మాకు నాలుగు బ్లేడ్లు పోయినవి, దీపాల వేళ అయినది. ఉలి మూడవ దెబ్బకు గొట్టము ముడుచుకొని టక్కున జారి నేలమీద పడింది. మా అబ్బాయిలు పండుగనాడు కూడా అంత గట్టిగా హల్లెలూయ అనలేదు.

కొత్త బుష్‌ను ఆ రాత్రి మా ఇంటి ఫ్రిజ్‌లో మంచు అరలో ఉంచాము. అమ్మగారు చేపల ప్రక్కన ఇదేమిటి అన్నారు. 30 మిల్లీమీటర్ల ఇనుప గొట్టము 40 డిగ్రీలు చల్లబడితే మిల్లీమీటరులో నూరవ వంతుకు కొంచెము పైగా కుంచించుకుంటుంది. చూపుకు ఆనదు గాని బిగువు పనిలో అదీ సాయమే. తెల్లవారి కంటిని ఎమరీ కాగితముతో తుడిచి, కన్నుకంటె పెద్దదైన బోరు గొట్టపు ముక్కను అవతల ఆనించి, పొడవైన బోల్టుతో నిదానముగా లోపలికి లాగాము. లాగే వాషరు బయటి గొట్టము అంచు మీదనే ఆనాలి. రబ్బరు మీద ఆనితే కొత్తది కూడా పాడవుతుంది. వంకర పోతే వెంటనే ఆపి మరల మొదలుపెట్టాలి. ఒకసారి వంకర పోయింది కూడా.

ఈసారి బోల్టును వేలితో తిరిగినంత మట్టుకే ఎక్కించి, దుంగలు తీసి, బండి తన బరువుతో చక్రముల మీద నిలిచిన తరువాతనే బిగించాము. నట్టు మీదుగా బోల్టు మీదికి సున్నముతో ఒక గీత గీశాము. నట్టు వదులైతే గీత చెదరుతుంది.

గురువారము రాత్రి పదకొండు గంటలకు పై గూడెము నుండి మనుష్యుడు పరుగెత్తి వచ్చాడు. ఆ సహోదరిని, ఆమె అత్తగారిని ఎక్కించుకొని అరకులోయ ఆసుపత్రికి బయలుదేరాము. రాళ్లదారిలో ఒక్క దెబ్బ వినబడలేదు. ఆమెను లోపలికి తీసుకొనిపోయిన తరువాత మేము ఆవరణలో బండి క్రింద టార్చి వేసి చూశాము. సున్నపు గీత కదలలేదు. చేతులు తుడుచుకొంటుండగా అత్తగారు బయటికి వచ్చి, "ఆడపిల్ల, అయ్యగారూ" అన్నది.