కంప్యూటరు కబుర్లు: ముందు జాబితా, తర్వాత నకలు

బీరువాను ఈ గదిలోంచి ఆ గదిలోకి మార్చడం పెద్ద పనేం కాదు. నలుగురు చెయ్యి వేస్తే అయిపోతుంది. అందులోంచి కావలసిన పది కాగితాలు మాత్రమే ఏరి తీయడంలోనే ఉంది తిప్పలు. కంప్యూటరులోనూ అంతే.

మా బరంపురంలో ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక హార్డ్ డిస్కు ఉంటోంది. పాత ఉత్తరాలు, శుభలేఖలు, పొలం కాగితాలు, పుట్టినరోజు ఫోటోలు, ఫోనులో వచ్చిన శుభోదయాలు అన్నీ అందులో కలగాపులగం. మా మేనమామగారి డిస్కూ అలాంటిదే. తమ నాన్నగారు రాసిన తెలుగు ఉత్తరాలన్నీ ఆయన ఓపిగ్గా స్కాన్ చేయించి దాచారు. పుణేలో ఉన్న మనవరాలు ఇప్పుడిప్పుడే తెలుగు చదవడం నేర్చుకుంటోంది. "ముత్తాతగారి ఉత్తరాలు మాత్రం పంపండి" అని అడిగింది. వేల ఫైళ్ల మధ్య మౌసుతో ఒక్కొక్కటే ఏరుతూ పోతే, ఏ ఉత్తరం జారిపోయిందో అవతలివాళ్లకు ఎన్నటికీ తెలియదు. అందుకే ఈ పనిని యూనిక్స్ ఆజ్ఞలతో చేశాం.

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాని నిర్మాతలు. ఆ పద్ధతే నేటి లినక్స్‌లోనూ, ఆపిల్ మాక్‌లోనూ టెర్మినల్ అనే కిటికీలో దొరుకుతుంది. విండోస్ 10లో 2016 నుంచి లినక్స్‌ను అమర్చుకునే వీలు వచ్చింది. ఆజ్ఞలను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను.

నకలు తీసే ఆజ్ఞ 'సీపీ'. 'సీపీ ఉత్తరం* గమ్యం' అంటే, ఉత్తరం అనే మాటతో మొదలయ్యే ఫైళ్లన్నీ గమ్యం అనే ఫోల్డరులోకి నకలవుతాయి. ఇక్కడొక కీలకం ఉంది. నక్షత్రపు గుర్తును విప్పి పేర్లుగా మార్చేది సీపీ కాదు, మనం కొట్టినది ముందుగా చదివే 'షెల్'. కాబట్టి సీపీ బదులు మొదట 'ఎల్ఎస్ ఉత్తరం*' అని కొట్టండి. ఏయే పేర్లు ఎంపికయ్యాయో తెర మీద కనిపిస్తాయి. చెక్కు చూడకుండా నగదు ఇవ్వం కదా! సీపీకి '-ఐ' జోడిస్తే, అదే పేరుతో గమ్యంలో ఫైలు ఉన్నప్పుడు దాన్ని చెరిపేముందు మనల్ని అడుగుతుంది. '-పీ' జోడిస్తే పాత తేదీ అలాగే నిలుస్తుంది.

తెలుగు పేర్లకూ ఇది పనిచేస్తుంది. 1992లో థాంప్సనే రాబ్ పైక్‌తో కలిసి రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతి చలవ అది. అయితే ప్రశ్నార్థకం ఒక్క గుర్తుకే సరిపోతుంది. 'తెలుగు' మనకు మూడక్షరాలు, యంత్రానికి ఆరు గుర్తులు. గుణింతపు గుర్తులు విడిగా లెక్కకొస్తాయి. అందుకని తెలుగు పేర్లకు నక్షత్రమే మేలు.

ఉత్తరాలు పది ఫోల్డర్లలో చెదిరి ఉంటే సీపీ ఒక్కటే చాలదు. పైగా వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరున్న ఫైళ్లను ఒకచోట చేరిస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడు ఇలా చేయాలి:

ఫైండ్ . -టైప్ ఎఫ్ -నేమ్ 'ఉత్తరం*' > జాబితా

ఆర్‌సింక్ -ఏవీ --ఫైల్స్-ఫ్రమ్=జాబితా . గమ్యం

మొదటి వరుస అన్ని ఫోల్డర్లూ గాలించి పేర్లను జాబితా అనే ఫైలులో రాస్తుంది. ఉత్తరం* చుట్టూ కొటేషన్ గుర్తులు మరవకండి. లేకపోతే షెల్ నక్షత్రాన్ని ముందే విప్పేస్తుంది. రెండో వరుస ఆ జాబితాలో ఉన్నవాటినే, ఏ ఫోల్డరువి ఆ ఫోల్డరులోనే ఉంచి నకలు చేస్తుంది.

ఈ రెండు వరుసల మధ్య ఉన్న విరామమే అసలు లాభం. జాబితా మామూలు పాఠం కాబట్టి తెరిచి చదవవచ్చు, అక్కర్లేని వరుస కొట్టేయవచ్చు. మావయ్యగారు కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి పేరూ చదివారు. రెండు ఉత్తరాల దగ్గర ఆగారు. అవి ఇంటి అప్పుల సంగతులు. కాసేపు ఆలోచించి, "ఉండనీరా, అదీ మన కథే కదా" అన్నారు. ఆ తీర్పు ఏ ఆజ్ఞా ఇవ్వలేదు.

చివరగా లెక్క సరిచూడాలి. 'డబ్ల్యూసీ -ఎల్ జాబితా' అంటే వరుసల సంఖ్య వస్తుంది. గమ్యంలోని ఫైళ్ల సంఖ్య దానితో సరిపోవాలి. 'షా256సమ్' ప్రతి ఫైలుకూ వేలిముద్ర వంటి సంఖ్య తీస్తుంది. అసలుకూ నకలుకూ అది ఒకటే అయితే లోపల తేడా లేనట్టే. ఈ రెండూ సరిపోయేదాకా పాత డిస్కును పక్కన పడేయకండి. సరిపోయాక కూడా పడేయకండి. మన ఊళ్లలో తెలుగు కాగితం పోతే మళ్లీ పుట్టదు.