వైరస్‌ను గోడమీద పిల్లిని చేయొద్దు

మొన్నటి సైన్సు పరీక్షలో ఒక మార్కు ప్రశ్న వచ్చింది. ‘వైరస్ నిర్జీవి. ఒప్పా, తప్పా?’ నేను తప్పు అని రాశాను. మార్కు పోయింది. సార్‌ను అడిగితే, “వైరస్ సజీవులకూ నిర్జీవులకూ మధ్య వారధి అమ్మా. బయట ఉంటే నిర్జీవి, కణం లోపలికి పోతే సజీవిలా ఉంటుంది” అన్నారు. అలాగైతే ఒప్పు అని రాసినవాళ్లకు మాత్రం మార్కు ఎలా వచ్చింది? సార్ మీద నాకు కోపం లేదు. పాఠంలో ఉన్నదే ఆయన చెప్పారు. నా కోపమంతా ఆ ‘వారధి’ మాట మీదే. అది జవాబు కాదు, జవాబు చెప్పకుండా తప్పించుకునే దారి. వైరస్‌ను గోడమీద పిల్లి అంటున్నాం సరే, ఆ గోడ కట్టింది ఎవరు? మనమే కదా!

నా మాట సూటిగా చెప్తాను. వైరస్ జీవే.

కాదు అనేవాళ్ల వాదన చిన్నదేమీ కాదు. వైరస్ తినదు, శ్వాసించదు, పెరగదు. దానికి సొంత కణం లేదు, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు లేవు. 1935లో వెండెల్ స్టాన్లీ అనే అమెరికా శాస్త్రవేత్త పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా మార్చి చూపించాడు. 1946లో నోబెల్ బహుమతి అందుకున్నవాళ్లలో ఆయన ఒకడు. చక్కెరలాగా సీసాలో కూర్చునేది జీవి ఎలా అవుతుంది అని అడుగుతారు.

కానీ ఆ కథలో సగమే చెప్తారు. ఆ స్ఫటికాలను కరిగించి పొగాకు ఆకులకు రుద్దితే మళ్లీ అదే తెగులు వచ్చింది. ఉప్పు కరిగించి ఆకు మీద పోస్తే ఉప్పు పండుతుందా? మా అవ్వ అలసంద విత్తనాలకు బూడిద కలిపి కుండలో దాస్తుంది. ఆరు నెలలు అవి కదలవు, మెదలవు. అందుకని అలసంద నిర్జీవి అని ఎవరైనా అంటారా? సీసాలోని స్ఫటికం వైరస్‌కు విత్తనం లాంటిది. విత్తనాన్ని చూసి చెట్టుకు ప్రాణం లేదని తీర్పు చెప్తున్నాం మనం.

మరి చెట్టు ఎక్కడుంది? కణం లోపల. పాట్రిక్ ఫోర్‌టేర్ అనే ఫ్రాన్సు శాస్త్రవేత్త చెప్పేది ఇదే. వైరస్ పట్టిన కణం ఇక పాత కణం కాదు, అది వైరస్ కణం అయిపోతుంది అంటాడు. మా హోసూరు వైపు టమోటా తోటల్లో ఇది అందరూ చూసేదే. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలితే ముడత తెగులు అంటుకుంటుంది. ఆకులు ముడుచుకుపోతాయి, మొక్క గిడసబారిపోతుంది, కాపు పడిపోతుంది. ఏ మందు కొట్టినా ఆ మొక్క బాగుపడదు. అందుకే మా నాయన తెగులు పట్టిన మొక్కను పీకేసి, మిగతావాటి కోసం దోమ మీద పడతాడు. శత్రువు ఆ మొక్క లోపలే బతుకుతున్నాడని ఆయనకు తెలుసు.

“ఇంకొకరి మీద ఆధారపడితే అది బతుకేనా?” అంటారు. బద్దెపురుగుకు నోరు లేదు, పేగు లేదు. మన పేగుల్లో అరిగిన తిండిని ఒంటితోనే పీల్చుకుంటుంది. కంచెల మీద పాకే బంగారుతీగకు ఆకులు లేవు, నేలలో వేరు లేదు. రెండింటినీ జీవులే అంటున్నాం. వాటికి సొంత కణాలున్నాయి, వైరస్‌కు అవీ లేవు, నిజమే. కానీ అద్దె ఇంట్లో, ఇంటివాళ్ల పొయ్యి మీద, వాళ్ల కట్టెలతోనే వండుకున్నా ఆ సంసారం ఇంటివాళ్లది అవుతుందా? రైబోజోములు కణానివే. ఏం వండాలో చెప్పేది మాత్రం వైరస్ జన్యువులు.

ఇంకో సంగతి వినండి. 1992లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో నీటిని చల్లబరిచే ఒక టవర్‌లో, అమీబా లోపల ఒక సూక్ష్మజీవి దొరికింది. పెద్దదిగా ఉందని బాక్టీరియా అనుకున్నారు. అది వైరస్ అని 2003లో తేలింది. దానికి మిమివైరస్ అని పేరు పెట్టారు. దాని జన్యు పదార్థంలో సుమారు 12 లక్షల అక్షరాలున్నాయి. మైకోప్లాస్మా జెనిటాలియమ్ అనే బాక్టీరియాకు 6 లక్షలు కూడా లేవు. చిన్నది జీవి, పెద్దది కాదా? 2008లో ఇంకా వింత బయటపడింది. మిమివైరస్ జాతిదాన్నే పట్టి పీడించే స్పుత్నిక్ అనే చిన్న వైరస్ దొరికింది. అంటే వైరస్‌కే జబ్బు చేసిందన్నమాట! రాయికి జబ్బు చేస్తుందా?

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం, వైరస్ మారుతుంది. కరోనాలో డెల్టా, ఆ వెనకే ఒమిక్రాన్ వచ్చాయి. ఫ్లూ టీకాను ఏటా సరిచూసుకోవాల్సి వస్తుంది. తన పోలికలు పిల్లలకు ఇచ్చి, ఆ పోలికల్లో తేడాలు వచ్చి, తట్టుకున్నది మిగలడం, దీన్నే కదా మనం జీవ పరిణామం అని చదువుకుంటున్నాం?

ఏ పేరు పెడితే ఏం, ఇదంతా మాటల గొడవ అనుకోకండి. ‘వైరస్ నిర్జీవి, అందుకే యాంటీబయాటిక్‌కు చావదు’ అని మా తరగతిలో సగంమంది నమ్ముతున్నారు. అసలు కారణం అది కాదు. యాంటీబయాటిక్‌లు బాక్టీరియా గోడనో, దాని రైబోజోములనో దెబ్బతీస్తాయి. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ రైబోజోములూ లేవు, అది మన కణంలో కూర్చుని పని చేయించుకుంటుంది. ఈ సంగతి తెలిసిన పిల్లలున్న ఇంట్లో, జలుబు చేసిందని మందుల షాపుకు పోయి యాంటీబయాటిక్ అడగరు. అనవసరంగా మింగితే వైరస్‌కు ఏమీ కాదు. మందుకు లొంగని బాక్టీరియాలే పెరుగుతాయి.

జీవి అంటే ఇది అని మనం ఒక జాబితా రాసుకున్నాం. అందులో ఇమడలేదని వైరస్‌ను బయటికి నెట్టాం. చెప్పు సరిపోలేదని కాలు కోసుకుంటామా? చెప్పే మార్చుకుంటాం.

సార్, ఆ ఒక్క మార్కు నాకు వద్దు. వచ్చే పరీక్షలో ఆ ప్రశ్నను ‘ఒప్పా, తప్పా’ అని కాకుండా ‘ఎందుకు’ అని అడగండి. ఐదు మార్కులకు రాస్తాను.