పథ్యం కాదు, పోషణ: క్యాన్సర్ రోగులకు అందవలసిన విద్య

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తెలియగానే మన కుటుంబాలు సాధారణంగా రెండు పనులు చేస్తాయి. రోగిని మంచం దిగనివ్వవు. పథ్యం పేరిట ఆహారాన్ని తగ్గిస్తాయి. ప్రేమతో చేసే ఈ రెండు పనులూ తరచుగా హానినే కలిగిస్తాయి.

చక్కెర మానితే కణితి ఎండిపోతుందన్న వాదాన్నే పరిశీలిద్దాం. క్యాన్సర్ కణాలు గ్లూకోజును అధికంగా వినియోగించుకుంటాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గుర్తించాడు. అయితే తిండి తగ్గించినంత మాత్రాన రక్తంలో గ్లూకోజు అడుగంటదు. ఆకలిగొన్న శరీరం కండరాలలోని ప్రోటీనును విడగొడుతుంది. ఆ అమైనో ఆమ్లాల నుండి కాలేయం గ్లూకోజును తయారుచేస్తుంది. అంటే కరిగేది కణితి కాదు, కండ. కండ క్షీణించిన రోగికి కీమోథెరపీని తట్టుకోవడం కష్టం. అందువల్లనే ఐరోపా పోషణ నిపుణుల సంఘం రోగి బరువులో ప్రతి కిలోకు రోజుకు 1 గ్రాముకు మించి, వీలైతే 1.5 గ్రాముల వరకు ప్రోటీను ఉండాలని సూచించింది. 60 కిలోల వ్యక్తికి ఇది 60 నుండి 90 గ్రాములు. ఒక కోడిగుడ్డులో లభించేది సుమారు 6 గ్రాములే. చారన్నంతో ఈ లెక్క తేలదు.

ఇక వ్యాయామం. కెనడా, ఆస్ట్రేలియా తదితర దేశాలలో 889 మంది పెద్దప్రేగు క్యాన్సర్ రోగులపై జరిగిన 'ఛాలెంజ్' అధ్యయనం ఫలితాలు 2025లో వెలువడ్డాయి. శస్త్రచికిత్స, కీమోథెరపీ ముగిసిన ఈ రోగులలో ఒక వర్గానికి ఆహార, వ్యాయామాలపై పుస్తకాలు మాత్రమే ఇచ్చారు. రెండవ వర్గానికి వాటితోపాటు మూడేళ్లు శిక్షకుని తోడ్పాటు కల్పించారు. మొదటి ఆరు మాసాలు ముఖాముఖిగా, ఆపైన దూరం నుండి కూడా. ఎనిమిదేళ్ల నాటికి జీవించి ఉన్నవారు మొదటి వర్గంలో నూటికి 83 మంది, రెండవ వర్గంలో 90 మంది.

సమాచారం ఇచ్చి ఊరుకోవడం వేరు, విద్య గరపడం వేరు అని ఈ అంకెలు చాటుతున్నాయి.

ఎమిరేట్స్‌లోని మనకు ఈ భేదం మరింత ముఖ్యం. ఇక్కడ పరీక్షలు చేయించుకుని హైదరాబాదులో చికిత్స పొంది తిరిగి వచ్చే రోగికి సలహా చెప్పేవారి తోడు మధ్యలోనే తెగిపోతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలో నడక సాధ్యం కాదు. క్యాంపులలో నివసించే శ్రామికునికి మెస్సులో వండినదే ఆహారం. ఈ లోటును ప్రస్తుతం సెల్‌ఫోన్‌లో తిరిగే సందేశాలు పూరిస్తున్నాయి. లక్ష్మణఫలం క్యాన్సర్‌ను నయం చేస్తుందని చెప్పే ఆ సందేశాలు, అందులోని అన్నోనాసిన్ అనే రసాయనం నాడీకణాలకు విషమన్న సంగతి చెప్పవు.

అదే ఫోన్‌ను సద్వినియోగం చేయవచ్చు. పక్షానికొకసారి ఒకే పోషణ నిపుణురాలు, ఒకే ఫిజియోథెరపిస్టు తెలుగులో రోగితో వీడియోలో మాట్లాడాలి. పప్పు, పెసరట్టు, పెరుగు, చేపల పులుసు వంటి మన వంటకాలతోనే లెక్క కట్టి చెప్పాలి. మాల్‌లోనో, వసారాలోనో ఎంతసేపు నడిచారో అడగాలి. ఎముకలకు వ్యాధి పాకినవారి విషయంలోను, రక్తహీనత, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారి విషయంలోను చికిత్స చేసే వైద్యుని అనుమతి తప్పనిసరి.

మన తెలుగువారిలో ఇట్టి నిపుణులకు కొదవ లేదు. ఉత్సవాలకు వెచ్చించే శ్రద్ధలో కొంత ఈ పనికి కేటాయించవలసిందిగా మన సంఘాలకు నా విన్నపం.