తొమ్మిదో తరగతిలోనే ఎంపీసీనా, బైపీసీనా?



పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అడుగుతుంటారు: "మేడమ్, మావాడు ఎంపీసీకే వెళ్తాడు. బయాలజీ పాసైతే చాలు కదా?" చాలదండీ. ఎందుకో ఒక మందు కథతో చెప్తాను.

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా ఒక రకం రక్త క్యాన్సర్. ఇందులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై 'బీసీఆర్-ఏబీఎల్' అనే ఎంజైమ్ తయారవుతుంది. మామూలుగా ఇలాంటి ఎంజైమ్‌లు అవసరమైనప్పుడే కణానికి "పెరుగు" అని కబురందిస్తాయి. ఇది మాత్రం ఆ కబురు ఆపనే ఆపదు. తెల్ల రక్తకణాలు అదుపు తప్పి పెరుగుతాయి.

దీనికి మందు వెతకాలంటే ముందు ఎంజైమ్ చేతిలో ఉండాలి. అందుకే ఇలాంటి ఎంజైమ్‌ల జన్యువును బ్యాక్టీరియాలోకో, కీటకాల కణాల్లోకో చేర్చి తయారు చేయిస్తారు. దాన్ని శుద్ధి చేయడానికి కెమిస్ట్రీ కావాలి. ఎక్స్-రేలతో దాని ఆకారం తెలుసుకోవడానికి ఫిజిక్స్, లెక్కలు, కంప్యూటర్ కావాలి.

ఈ జబ్బుకు ఇమాటినిబ్ మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒకప్పుడు కొన్నేళ్లలోనే ప్రాణం తీసిన జబ్బు ఉన్నా, నేడు చాలామంది రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి బతుకుతున్నారు. మన హైదరాబాద్‌లోనూ ఈ మందు తయారవుతోంది.

మరి ఈ పని ఎంపీసీ వాళ్లదా, బైపీసీ వాళ్లదా?

గ్రూపు ఇంటర్‌లో ఎంచుకుందాం. అప్పటిదాకా ఏ సబ్జెక్టునూ పక్కన పెట్టించకండి. ఈ రాత్రి భోజనాల దగ్గర మార్కుల సంగతి వదిలి, ఈరోజు బయాలజీ పాఠాన్ని తెలుగులో చెప్పమనండి. అర్థమైందో, బట్టీ పట్టారో అప్పుడే తెలుస్తుంది.