డేరాలో కరివేపాకు

కూరలో కరివేపాకును ఏరి పారేసేవారికి దాని విలువ తెలియదు. షికాగోలో కాపురముంటున్న మా మేనకోడలికి తెలుసు. ఇక్కడి నుంచి పచ్చి ఆకు పట్టుకెళ్ళడానికి వీల్లేదు. నిమ్మ, బత్తాయి తోటలకు తెగులు మోసే పురుగు దానిమీద బతుకుతుందని అమెరికాలో నిషేధం. అక్కడే మొక్క కొన్నా, ఆరుబయట ఆ చలికి నిలవదు. అందుకని గదిలో చిన్న డేరా వేసి దీపం కింద పెంచుతానంటూ, ఏమేం కొనాలో అడిగింది.

చెప్పేది తెలుగు పాఠాలే అయినా, మావయ్యను గనక నాలుగు పుస్తకాలు తిరగేసి జవాబు రాశాను:

"అమ్మాయీ, డేరాను చూసి మురిసిపోకు. 2 అడుగుల చదరం, 5 అడుగుల ఎత్తు చాలు. లోపలి తళతళ వెలుతురును మొక్కమీదికి తిప్పుతుంది, అంతే. డబ్బు దీపం మీద పెట్టు. మొక్కకు అన్నం వెలుతురే. ఎల్.ఇ.డి. దీపం పెట్టెమీది పెద్ద అంకెను నమ్మకు, నిజంగా ఎన్ని వాట్ల కరెంటు లాగుతుందో చూడు. 100 వాట్లది రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు 36 యూనిట్లు. అదీ లెక్కలో వేసుకో. వేళకు ఆర్పడానికి టైమరు, గాలి ఆడటానికి బుల్లి ఫాను, వేడి తెలియడానికి థర్మామీటరు, అడుగున చిల్లులున్న కుండీ కొనుక్కో. మట్టి పైపొర ఆరాకే నీళ్ళు పోయాలి. కుండీలో మొక్కను కరువుకన్నా ప్రేమే ఎక్కువగా చంపుతుంది."

ఆఖరి వాక్యం పిల్లల్ని పెంచేవారికీ రాసి పంపమంటుంది మా ఆవిడ.